రైలు దిగినంక ఎటు పోవాలె?

నా చిన్నప్పుడు కరీంనగర్ దారి తెలియకముందే నాకు విశాఖపట్నం వీధులు తెలుసు. చూశానని కాదు. మాది మంచిర్యాల, రైలు పట్టాల పక్కన ఒక ఇరుకు గల్లీ. అక్కడి నుంచి సముద్రం ఎంత దూరమో కూడా నాకు తెలియదు. అయినా ఆ ఊరి స్టేషన్‌లో నన్ను ఒంటరిగా దింపితే, ఎవరినీ అడగకుండా నడుచుకుంటూ వెళ్ళి నీళ్ళలో కాళ్ళు పెట్టగలనని గట్టి ధీమా ఉండేది. ఏ మలుపులో గాలి మారుతుందో, ఏ వీధి చివర సముద్రం గోడలా నిలబడి కనిపిస్తుందో, పొద్దుగూకే వేళ ఓడల మీద దీపాలు ఎట్లా వెలుగుతాయో, అన్నీ మా వాకిట్లో నులకమంచం మీద పడుకునే నేర్చుకున్నాను. నాకు అవి చెప్పింది మా పక్కింటి ఆపా. ఆమె చేత చెప్పించింది మా తాత.

రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. మా ఊళ్ళో రోళ్ళకు రోహిణి దాకా ఆగే ఓపిక ఉండేది కాదు. కింద బొగ్గు, పైన సూర్యుడు, నడుమ మేము. మగవాళ్ళు తలకు రుమాలు చుట్టుకుని, వడదెబ్బ తగలకుండా జేబులో ఉల్లిగడ్డ వేసుకుని బయటికి పోయేవారు. మధ్యాహ్నం గల్లీలో కుక్క కూడా కనిపించేది కాదు. సాయంత్రం వాకిట్లో నీళ్ళు చల్లితే మట్టి బుస్సుమనేది. ఆ తడి ఆరకముందే మంచాలు బయటికి తెచ్చుకునేవాళ్ళం. ఇంకోలా ఉండే ఊళ్ళు కూడా ఉంటాయని మాకు తోచేది కాదు. ఎండ అంటే ఏటా వచ్చే చుట్టం. తిట్టుకుంటాం, భరిస్తాం, సాగనంపుతాం.

పక్కింటి వాళ్ళు ముసల్మానులు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడేవారు. ఆ ఇంటి ఇల్లాలిని మేం పిన్ని అన్నట్టుగా ఖాలా అనేవాళ్ళం. ఆమె కూతురే ఆపా, అంటే అక్క. రెండిళ్ళకూ నడుమ నడుమెత్తు గోడ ఒకటి ఉండేది. కూర గిన్నెలు, చంటిపిల్లలు, కోపతాపాలు అన్నీ దాని మీది నుంచే అటూ ఇటూ పోయేవి. నేనూ చంటిపిల్లగా ఉన్నప్పుడు ఆ గోడ మీది నుంచే ఆపా చంకలోకి మారేదాన్నట. ఆమె పెళ్ళయి విశాఖపట్నం వెళ్ళిపోయేటప్పుడు ఏడ్చిన ఏడుపు గురించి మా గల్లీలో చాలా రోజులు చెప్పుకున్నారు. ఆమె భర్తకు అక్కడి ఓడరేవులో యంత్రాలు బాగుచేసే పని.

తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. మా దిక్కు ఏ మతం వాళ్ళకైనా ఇది తప్పని పద్ధతి. అట్లా నెలలు నిండుతుండగా, సరిగ్గా నడి ఎండాకాలంలో ఆపాను తీసుకొచ్చారు. ఖాలా ఆనందం చూడాలి. కొత్త రంజన్ కొని నీళ్ళు నింపింది. అది కడుపు పెద్దదిగా ఉండే మట్టి కాగు, అందులో నీళ్ళు మంచులా చల్లబడతాయి. కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టించింది. కూతురికి ఇష్టమైనవన్నీ వండింది. కూతురు మాత్రం రెండు రోజులు ఓపిక పట్టి, ఆ తర్వాత ఏడవడం మొదలుపెట్టింది. ఇక్కడ నిద్ర పట్టడం లేదు, ఊపిరాడటం లేదు, తిరిగి పోతానంటుంది.

గల్లీ ఊరుకుంటుందా? మూతులు విరిచింది.

"అత్తగారింటికి పోవుడుకు ఏడ్సెటోళ్లను సూసినం గని, పుట్టింటికొచ్చి ఏడ్సెటోళ్లను గిప్పుడే సూస్తున్నం" అని ఒకామె అన్నది. ఆ మాట గోడలు దాటి ఖాలా చెవిన పడింది. అది నిజం కూడా కావడంతో ఆమెకు మరింత గుచ్చుకుంది.

పాపం, ఓదార్చడానికి వచ్చినవాళ్ళు తక్కువేం కాదు. మా అవ్వ వెళ్ళి, మన ఊరికేం తక్కువ బిడ్డా, గోదారి ఉన్నది, రైలున్నది అని చెప్పింది. ఇంకొకామె మన మామిడిపండ్ల తీపి అక్కడ ఉంటుందా అన్నది. పుట్టిన మట్టిని మించిన చల్లదనం లేదని మరొకామె. వాళ్ళు మన ఊరిని పొగిడిన కొద్దీ ఆపా ముఖం గోడవైపు తిప్పుకునేది. పుండు మీద కారం చల్లినట్టుండేది కాబోలు. అన్నం పళ్ళెం ఎట్లా పెడితే అట్లానే ఉండేది. చివరికి శుక్రవారం బండికి తమ్ముణ్ణి తోడు తీసుకుని పోతానని మొండికేసింది. మంత్రసాని వచ్చి చూసి చెంపలు వాయించుకుంది.

"గీ ఎండల, గీ నెలల, రైలెక్కుతవా? తొవ్వల నొప్పులొస్తె ఎవలు సూస్తరు? నీ పానం, లోపటి పానం, రెండూ పోతయి" అని ఆమె ఎదురుగానే చెప్పింది. ఆపా వినలేదు. ఆ వయసులో, ఆ బెంగలో చావంటే ఎవరికి భయం!

ఆ మధ్యాహ్నం ఖాలా గోడ దగ్గరికి వచ్చి మా తాతను పిలిచింది. మా తాత జీవితమంతా బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయినవాడు. మాట పొదుపు. రోజంతా ఆయన మాటలు ఏరితే గుప్పెడు కూడా నిండేవి కావు. అట్లాంటి మనిషి దగ్గరికి ఎందుకు వచ్చిందో మరి. గోడకు నుదురు ఆనించి ఏడ్చింది.

"కాకా, మీరన్న జర చెప్పుండ్రి. మీ మాటంటె దానికి కదర్ ఉన్నది. పరేషానైపోతున్న. నా బిడ్డకు నా ఇల్లు పడకపాయె" అన్నది.

తాత బీడీ చివర వరకు కాల్చి, మెల్లగా అన్నాడు. "నేనేం చెప్ప. నాకే ఆమెతోని పనున్నది." ఖాలాకు ఏమీ అర్థం కాలేదు. నాకూ కాలేదు.

సాయంత్రం వాకిట్లో నీళ్ళు చల్లాక తాత తన మంచాన్ని రోజూ వేసే చోట వేయలేదు. ఈడ్చుకుంటూ పోయి గోడకు ఆనించి వేసుకున్నాడు. గోడకు అవతల ఆపా మంచం. ఆమె ఆకాశం చూస్తూ పడుకుని ఉంది. తాత దగ్గి గొంతు సవరించుకుని, ఈ వానలు పడ్డాక తానొకసారి సముద్రస్నానానికి విశాఖపట్నం పోదామనుకుంటున్నానని చెప్పాడు. ఆ మాట మా ఇంట్లో ఎవ్వరూ అంతకుముందు వినలేదు. మా అవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది.

"రైలు దిగినంక ఎటు పోవాలె బిడ్డా?" అని అడిగాడు తాత.

ఆపా ముక్తసరిగా చెప్పింది. బయటికొచ్చి ఫలానా వైపు తిరగాలి, పొడుగు వీధి వస్తుంది, దాని వెంట పోతూనే ఉండాలి. అంతే. తాత తలాడించి మళ్ళీ అడిగాడు. "ఎండకాలం నీళ్ల దాక ఎంత దూరం ఇసుకల నడువాలె? మన గోదారి లెక్కనే నడుమ దాక పోవాల్నా?"

ఆపా కొంచెం తల ఎత్తింది. "సముద్రం ఎండకాలం ఎండది తాతా."

"ఎండదా? మరి అవుతలి ఒడ్డు మీద ఏ ఊరుంటది? పడవ దొర్కుతదా పోవుడుకు?"

ఆపా నవ్వింది. వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో వినిపించని చప్పుడు అది. రొట్టెలు చేస్తున్న ఖాలా గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చి చూసింది. సముద్రానికి అవతలి ఒడ్డు ఉండదని ఆపా చెప్పింది. తాత ఒప్పుకోలేదు. నీళ్ళన్నాక రెండొడ్లు ఉండాలె గద, ఒడ్డు లేకుంటే నీళ్ళెట్ల నిలుస్తయి అని వాదానికి దిగాడు. ఇక్కడొక తమాషా జరిగింది. ఎదురింటి అరుగుల మీద ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టుకుంటున్న ఆడవాళ్ళంతా తాత పక్షాన చేరారు. మేమంతా గోదారి ఒడ్డు మనుషులం. ఏ నీళ్ళను చూసినా ముందు అవతలి ఒడ్డునే వెతుక్కుంటాం. ఒడ్డు కనబడటం లేదంటే అది నీ కంటి లోపమే కానీ నీళ్ళకు ఒడ్డు లేకపోవడమేమిటని వాళ్ళు ఆపాను దబాయించారు. నేనూ తాత వైపే. ఆపా లేచి కూర్చుంది. ఆ సాయంత్రమంతా ఒక్కతే గల్లీ మొత్తానికి సముద్రం గురించి పాఠం చెప్పింది.

మర్నాడు తాత మళ్ళీ దారి మరిచిపోయాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. అప్పటికి ఎదురింటి వాళ్ళు చాటలు తీసుకుని గోడ దగ్గరికే వచ్చేశారు. మొదట వెక్కిరించడానికే వచ్చారు. వీధి వీధికీ ఆగిపోయి వినసాగారు.

ఆమె చెప్పిన ఊరు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. ఆ ఊళ్ళో వీధులు సముద్రం వైపు వాలుగా దిగుతాయట. పైనుంచి చూస్తే వీధి చివర నీలంగా ఒక గోడ లేచి ఉంటుంది. ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారనుకుంటాం. దగ్గరికి పోతుంటే ఆ గోడ కదులుతుంది. అదే సముద్రం. పగలు అక్కడ కూడా చెమట పడుతుందని, అది జిగటగా అంటుకుంటుందని ఆపా నిజాయితీగా ఒప్పుకుంది. కానీ సాయంత్రం అయ్యేసరికి ఎవరో తలుపు తీసినట్టు గాలి మొదలవుతుంది. ఆ గాలి రాగానే ఇళ్ళలోంచి మనుషులు బయటికొచ్చి, నీళ్ళకు ఎదురుగా కట్టిన పిట్టగోడ మీద వరసగా కూర్చుంటారు. ఎవరూ ఏమీ చేయరు. పొట్లాల్లో మరమరాలు తింటారు, కాళ్ళు ఊపుకుంటారు, అంతే. ఏ పనీ లేకుండా కూర్చోవడానికి ఒక ఊరు ఊరంతా బయలుదేరి రావడం మాకు వింతగా ఉండేది. చీకటి పడుతుంటే దూరాన రేవులోకి రావడానికి వంతు కోసం ఆగిన ఓడల మీద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయట. అవి చూస్తూ ఆపా తన భర్తతో, ఒక్కో ఓడ ఏ దేశం నుంచి వచ్చిందో పందెం వేసేదట. ఆ సంగతి చెప్తూ ఆమె ఆగి, నవ్వి, కొంగు సర్దుకుంది. బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె ఎందుకు ఏడుస్తోందో వాళ్ళకు అప్పుడు అర్థమైందనుకుంటాను. అది ఊరి మీద బెంగ మాత్రమే కాదు.

తాత ప్రశ్నలు తరగలేదు. గోదారి మీద రైలు పోతుంటే మేం పైసలు విసురుతాం, మరి సముద్రానికి ఎక్కడ నిలబడి విసరాలె? ఆ నీళ్ళు సీసాలో నింపుకొస్తే పప్పులో పోసుకోవచ్చా? పోసుకో తాతా, ఉప్పు ఖర్చు తప్పుతది అని ఆపా అంటే గల్లీ అంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్య ఖాలా జొన్నరొట్టె ముక్కలు తుంచి కూతురి చేతికి అందిస్తూ ఉండేది. కూతురు ఓడల గురించి చెప్తూ వాటిని తినేసేది. తింటున్నానని ఆమెకు తెలియదు. ఇంకో సంగతి కూడా ఆమెకు తెలియదు. పక్కనున్నామె చాటలోంచి ఒక తునికాకు తీసుకుని, చిటికెడు పొగాకు పోసి, మాట ఆపకుండానే బీడీ చుట్టేస్తోంది. పెళ్ళికి ముందు మా గల్లీలో ఆమె అంత వేగంగా చుట్టేవాళ్ళు లేరు. నోరు అక్కడ ఉంది, చేతులు ఇక్కడికి వచ్చేశాయి. మా తాత అదంతా చూసి చూడనట్టు కళ్ళు మూసుకున్నాడు.

ఒకరోజు మాత్రం ఆయన పట్టుబడ్డాడు. అల వచ్చి కాళ్ళను తడపడం గురించి ఆపా చెప్తోంది. తాత కళ్ళు మూసుకునే ఉన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాం. ఉన్నట్టుండి ఆయన నోట్లోంచి మాట జారింది.

"అల ఎన్కకు పోయెటప్పుడు కాళ్ల కింది ఇసుకను గుంజుకపోతది. మనమే ఎన్కకు పోతున్నట్టుంటది."

ఆపా ఆగింది. "నీకెట్ల ఎరుక తాతా?"

"ఎవలో అంటె ఇన్న" అన్నాడు తాత. బీడీ తీసి తిరగేసి నోట్లో పెట్టుకుని, దారం కట్టిన కొసకు నిప్పంటించాడు. అందరూ నవ్వారు. ఆయన్ను ఎగాదిగా చూసింది నేనొక్కదాన్నే.

శుక్రవారం వచ్చింది. ఆ రోజు ఎవ్వరూ రైలు మాట ఎత్తలేదు. సాయంత్రం అందరం గోడ దగ్గర ఉండగా స్టేషన్ వైపు నుంచి బండి కూత వినిపించింది. ఖాలా చేతిలో బీడీ కట్టే దారం ఆగిపోయింది. అందరి చేతులూ ఆగిపోయాయి. ఆపా కూడా విన్నది. కూత దూరమయ్యేదాకా ఆ దిక్కే చూసింది. తర్వాత తాత వైపు తిరిగింది.

"గాలి ఎటు నుంచి వస్తదని అడిగినవు గద తాతా. జెప్త ఇను" అన్నది.

ఖాలా లోపలికి వెళ్ళిపోయింది. చాలాసేపు బయటికి రాలేదు. మా అవ్వ కళ్ళొత్తుకుంటూ, పొగాకు ఘాటు అన్నది.

మర్నాడు పొద్దున్నే తాత బావి నీళ్ళు తెచ్చి మా రంజన్‌లో పోస్తుంటే వెంటపడ్డాను. నువ్వు సముద్రం చూశావు కదా అని అడిగాను. మొదట కసిరాడు. తర్వాత బిందె వంచుతూనే చెప్పాడు. పడుచుతనంలో ఓడలకు బొగ్గు ఎత్తే కూలికి పోయి ఆ ఊళ్ళో రెండేళ్ళు ఉన్నాడట. ఇంటి నుంచి కబురొస్తే తిరిగొచ్చాడట. మళ్ళీ పోవడం పడలేదు.

"వచ్చినంక నాకు అన్నం సయించలే. అందరొచ్చి మనూరికేం తక్కువరా అన్నోళ్లే. గాడ ఎట్లుంటదిరా అని ఒక్కలు అడుగలే. వాళ్లు అడుగకపాయిరి, నేను జెప్పకపోతి. గట్లనే లోపట ఉండిపాయె."

ఆయన మాట పొదుపు ఎక్కడ మొదలైందో నాకు అప్పుడు తెలిసింది. ఒక మనిషి ఇన్నేళ్ళు ఒక ఊరిని కడుపులో పెట్టుకుని, దాన్ని ఎన్నడూ చూడనివాడిలా గోడ పక్కన కూర్చుని, ఒక ఆడపిల్ల కోసం ఎర్రివాడిలా ప్రశ్నలు అడిగాడు. అవి ఆయన ఊరికే అల్లిన ప్రశ్నలు కావు. ఎవరైనా తనను అడిగితే బాగుండునని ఎదురుచూసిన ప్రశ్నలు. నాకు ఏడుపొచ్చింది. ఏం చేయాలో తోచక, ఆయన చెయ్యి పట్టుకుని నాకు వచ్చిన ఒకే ఒక్క మాట అడిగాను.

"తాతా, నువ్వున్నప్పుడు, రైలు దిగినంక ఎటు పోవాలె?"

ఆయన నా వైపు చూశాడు. బిందె కింద పెట్టాడు. అప్పట్లో స్టేషన్ ముంగట ఒక చింతచెట్టు ఉండేదని మొదలుపెట్టాడు. ఎండ వాకిట్లోకి వచ్చి, మా కాళ్ళను కాల్చి, గోడ ఎక్కేదాకా చెప్తూనే ఉన్నాడు. ఆయన విశాఖపట్నం ఆపా విశాఖపట్నంలా లేదు. అందులో బొగ్గు మసి ఉంది, భుజాల నొప్పి ఉంది, ఆదివారం సాయంత్రాలు ఉన్నాయి. గాలి మాత్రం రెండింట్లోనూ ఒకటే.

మృగశిర చినుకులు పడ్డ రోజుల్లో ఆపాకు ఆడపిల్ల పుట్టింది. గల్లీలో ప్రతి ఒడీ ఆ పిల్లను మోసింది. పిల్లకు కొన్ని నెలలు నిండాక భర్త వచ్చి తీసుకుపోయాడు. స్టేషన్‌లో ఆపా ఈసారి కూడా కిటికీ చువ్వలు పట్టుకుని ఏడ్చింది. రైలు కదిలాక తాత నాతో మెల్లగా అన్నాడు. "ఇగ గాడ ఈమెను మంచిర్యాల ముచ్చట అడిగెటోళ్లు దొర్కాలె."

తాత పోయి చాలా కాలమైంది. ఆయన చేస్తానన్న సముద్రస్నానం ఆయన తరఫున నేనే చేశాను, ఒకసారి కాదు, రెండుసార్లు. వీధి చివర ఆ నీలం గోడ నిజంగానే లేచి ఉంది. సాయంత్రం పిట్టగోడ మీద నేనూ ఏమీ చేయకుండా కూర్చున్నాను. అక్కడ మనుషులు ఎందుకు ఉండిపోవాలనుకుంటారో అడగాల్సిన అవసరం లేకుండా తెలిసింది. ఆ గాలి మన దగ్గర ఏమీ కోరదు, అదే దాని గొప్ప. అల వెనక్కి పోతూ కాళ్ళ కింది ఇసుకను లాగినప్పుడు ఆయన్ను తలచుకుని గట్టిగా ఏడ్చాను. చుట్టూ ఉన్నవాళ్ళు ముసలామె భయపడిందనుకున్నారు.

మొన్నటి ఎండాకాలంలో మా మేడ మీది గదిలోకి ఒక అమ్మాయి అద్దెకు వచ్చింది. విశాఖపట్నం పిల్లే. ఇక్కడ జిల్లా ఆఫీసులో కొత్త ఉద్యోగం. ఆఫీసు నుంచి రాగానే మెట్ల మీద తడి తువాలు మెడకు చుట్టుకుని, ఫోన్‌లో ఏవో సముద్రం బొమ్మలు చూస్తూ కూర్చుంటుంది. కళ్ళు ఎర్రగా ఉంటాయి. మా కోడలు మంచి మనసుతోనే వెళ్ళి, మన మంచిర్యాలకేం తక్కువ అని మొదలుపెట్టింది. నేను కోడల్ని టీ పెట్టమని లోపలికి పంపించాను. మోకాళ్ళ నొప్పితో కిందా మీదా పడి ఆ పిల్ల పక్కన మెట్టు మీద కూలబడ్డాను. ఏమీ ఎరగని ముఖం పెట్టుకున్నాను. ఇన్నేళ్ళలో ఎందరి దగ్గరో ఈ ముఖం పెట్టాను, తాత అంత బాగా నాకు ఎప్పుడూ కుదరదు.

"మీ ఊరు ఎన్నడు సూడలే బిడ్డా. రైలు దిగినంక ఎటు పోవాలె?"

ఆ పిల్ల ఫోన్ పక్కన పెట్టింది. చేతులు తిప్పుతూ దారి చెప్పడం మొదలుపెట్టింది. సముద్రం దాకా వచ్చేసరికి ఆమె గొంతు మారింది. అప్పుడు నేను, మా గోదారి ఒడ్డు మనుషులందరి తరఫునా, అవుతలి ఒడ్డు మీద ఏ ఊరుంటది బిడ్డా అని అడిగాను.

"అవతలి ఒడ్డా? అవతలి ఒడ్డేంటండీ బామ్మగారూ!" అని ఆ పిల్ల పకపకా నవ్వింది.

ఎట్ల లేకుంటది, నీళ్ళన్నంక రెండొడ్లు ఉండాలె గద అని నేను వాదానికి దిగాను.